పొంతన కుదరని మాటలన్నీ అబద్ధాలేనా?

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అనగానే చాలా ఇళ్ళలో గుర్తొచ్చేది నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్. ఏం అడుగుతారు, ఏం చెప్పాలి, ఏ కాగితం ముందు చూపించాలి అని వారాల తరబడి రిహార్సల్స్ నడుస్తాయి. తీరా కౌంటర్ ముందు నిలబడ్డాక కొద్ది నిమిషాల్లో విషయం తేలిపోతుంది. స్టూడెంట్ వీసాకు వెళ్ళినవాళ్ళు అక్కడ నమ్మించాల్సింది ముఖ్యంగా ఒక్కటే: చదువయ్యాక తిరిగి వచ్చేస్తాం అని. ఇదే నగరంలో బాలాపూర్, షాహీన్‌నగర్, పహాడీ షరీఫ్ వైపు గుడిసెల్లో, ఇరుకు గదుల్లో ఉంటున్న, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన వేల మంది రోహింగ్యాలు నమ్మించాల్సింది దీనికి పూర్తిగా తలకిందులు. మేం తిరిగి వెళ్ళలేం, వెళ్తే బతకనివ్వరు అని.

రెండు చోట్లా ఎదుట కూర్చున్న అధికారికి ఆ మనిషి గురించి ముందుగా తెలిసింది దాదాపు సున్నా. రెండు చోట్లా మాట మీదే తీర్పు. కాకపోతే వీసా రాకుంటే ఫీజు పోతుంది, ఒక సెమిస్టర్ పోతుంది. శరణార్థిగా గుర్తింపు రాకుంటే పోయేది ప్రాణం కూడా కావచ్చు. అందుకే ఆశ్రయం కోరేవాళ్ళ మాటను ఎలా వినాలి, ఎలా తూచాలి అన్నదాని మీద గత నాలుగైదు దశాబ్దాల్లో చాలా పరిశోధన జరిగింది, నియమాలూ వచ్చాయి. అవి చెప్పేదానికీ, 'వీడు అబద్ధం ఆడుతున్నాడు' అని మనం మామూలుగా పసిగట్టే పద్ధతికీ చాలాచోట్ల పొసగదు.

ముందు ఈ ఇంటర్వ్యూ ఎవరు చేస్తారో చూడాలి. శరణార్థులపై 1951లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మీద గానీ, దాన్ని విస్తరించిన 1967 ప్రోటోకాల్ మీద గానీ భారత్ సంతకం చేయలేదు. మన దేశంలో శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. శ్రీలంక తమిళుల, టిబెటన్ల వ్యవహారం ప్రభుత్వమే నేరుగా చూస్తుంది. మయన్మార్, అఫ్గానిస్తాన్, సోమాలియా, సూడాన్ లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్ళ దరఖాస్తులను ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ తన సొంత అధికార పరిధి కింద పరిశీలిస్తుంది. ఆ నిర్ణయాలు ఢిల్లీ కార్యాలయం కేంద్రంగా జరుగుతాయి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి ఒక రోజుకు పైగా ప్రయాణం. రోజు కూలి మీద బతికేవాళ్ళకు ఆ ప్రయాణమే ఒక భారం. ఇక్కడి స్వచ్ఛంద సంస్థలు, ముఖ్యంగా కోవా లాంటివి, దరఖాస్తుల దగ్గర, పిల్లల చదువుల దగ్గర సాయం చేస్తుంటాయి. కానీ 'నువ్వు శరణార్థివి' అని చెప్పే అధికారం వాటికి లేదు.

తేల్చాల్సింది ఏమిటి? 1951 ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అన్న ఐదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల పీడనకు గురవుతామన్న భయం ఉండాలి, ఆ భయానికి తగిన ఆధారం ఉండాలి. ఇందులో రెండు మెట్లున్నాయి. మొదటిది, ఈ మనిషి చెప్పిన విషయాల్లో వేటిని నిజమని ఒప్పుకోవచ్చు? రెండోది, ఒప్పుకున్న విషయాలను బట్టి చూస్తే తిరిగి వెళ్తే ప్రమాదం ఉందా? చాలా తప్పుడు తీర్పులు ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తాయి. మాటలో ఒక తేడా కనిపించగానే మనిషే నమ్మదగినవాడు కాదని తేల్చి, రెండో మెట్టు ఎక్కకుండానే ఫైలు మూసేస్తారు.

నిజానికి ఇక్కడ కావాల్సిన రుజువు క్రిమినల్ కేసులో అడిగేంత కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1987లో కార్డోజా-ఫొన్సెకా కేసులో, పీడన జరిగే అవకాశం పదిలో ఒక వంతు ఉన్నా ఆ భయానికి ఆధారం ఉన్నట్టే కావచ్చని చెప్పింది. అదే ఏడాది చివర్లో, బ్రిటన్‌లో అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా, తమిళ శరణార్థుల కేసులోనే, 'తగినంత సంభావ్యత' చాలంది. యూఎన్‌హెచ్‌సీఆర్ 1979లో వెలువరించిన మార్గదర్శకాలు ఇంకో మాట చేర్చాయి. రుజువు చేసుకోవడం దరఖాస్తుదారుడి బాధ్యతే అయినా, వాస్తవాలు రాబట్టే పని ఇద్దరిదీ అని. ఊరు తగలబడుతుంటే పారిపోయి వచ్చిన మనిషి దగ్గర ఎఫ్ఐఆర్ కాపీ ఉండదు కదా. మాటల్లో పొంతన ఉండి, తెలిసిన పరిస్థితులకు విరుద్ధంగా లేకపోతే, మిగిలిన అనుమానాల విషయంలో బెనిఫిట్ ఆఫ్ డౌట్ ఇవ్వాలి. దీన్ని కొందరు జాలి అనుకుంటారు. తప్పు తీర్పు రెండు వైపులా జరగొచ్చు గనుక, ఏ వైపు తప్పు ఎక్కువ ఖరీదైనదో చూసి పెట్టుకున్న నియమం అది.

ఇక గదిలోకి వెళ్దాం. ఒక ఉదాహరణ అనుకుందాం. మయన్మార్‌లో రోహింగ్యాలుండే రఖైన్ రాష్ట్రం, మంగ్‌డా ప్రాంతంలోని ఒక పల్లె నుంచి వచ్చిన ముప్పై ఐదేళ్ళ స్త్రీ. బడికి వెళ్ళలేదు. అధికారి అడుగుతాడు: "సైనికులు మీ ఇంటికి ఎన్ని గంటలకు వచ్చారు?" ఆమె "అసర్ తర్వాత" అంటుంది. దుబాసీ ఆ మాటను అలాగే చెప్పకుండా, సాయం చేస్తున్నాననుకుని, "సాయంత్రం నాలుగు గంటలకు" అంటాడు. రికార్డులో నాలుగు అని పడుతుంది. కొన్ని నెలల తర్వాత రెండో ఇంటర్వ్యూ, వేరే దుబాసీ. ఆమె మళ్ళీ అదే మాట అంటుంది. ఈయన "సుమారు ఐదున్నర" అంటాడు. అసర్ నమాజు వేళ ఏడాది పొడవునా ఒకటే ఉండదు, మసీదును బట్టి కూడా మారుతుంది. ఇప్పుడు ఫైల్లో రెండు వేర్వేరు గంటలున్నాయి. ఆమె నోట ఒక్క గంట కూడా రాలేదు. నిర్ణయం రాసేటప్పుడు ఈ తేడా 'అంతర్గత వైరుధ్యం' అవుతుంది.

అదే అధికారి "వాళ్ళు వచ్చినప్పుడు మీరు ఏం చేస్తున్నారు? ఇంట్లో ఇంకెవరున్నారు?" అని అడిగి ఉంటే, పొయ్యి మీద ఏముందో, పెద్దవాడు ఎక్కడికి వెళ్ళాడో, ఎవరు మొదట అరిచారో వచ్చేది. కల్పించినవాళ్ళకు అలాంటి వివరాలు అల్లడం కష్టం, అనుభవించినవాళ్ళకు గంట చెప్పడం కష్టం. ప్రశ్న మారితే అదే మనిషి నమ్మదగినదిగానో, కానట్టుగానో కనిపిస్తుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకు ఇచ్చే శిక్షణలో మొదట మనిషిని తన పద్ధతిలో మొత్తం చెప్పనివ్వాలనీ, మధ్యలో అడ్డుపడకూడదనీ, ఆ తర్వాతే ఒక్కొక్క అంశం మీదికి వెళ్ళాలనీ చెప్పేది ఇందుకే. తేదీలతో మొదలుపెట్టిన ఇంటర్వ్యూ చాలాసార్లు తేదీల దగ్గరే చెడిపోతుంది.

తేదీల గొడవ ఇంతటితో ఆగదు. అఫ్గాన్ల సౌర క్యాలెండర్‌లో సంవత్సరం మార్చి నెలలో నౌరోజ్‌తో మొదలవుతుంది, లెక్క క్రీస్తు శకానికి 621, 622 ఏళ్ళు వెనక ఉంటుంది. ఇథియోపియా క్యాలెండర్ ఏడెనిమిదేళ్ళు వెనక నడుస్తుంది, పదమూడు నెలలుంటాయి, పైగా గంటలు తెల్లవారుజాము నుంచి లెక్కపెడతారు, మన ఏడు వాళ్ళకు ఒకటి. ప్రపంచవ్యాప్తంగా శరణార్థుల కార్డుల మీద పుట్టినరోజు జనవరి 1 అని ఎంతమందికి ఉంటుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వాళ్ళెవరూ ఆ తేదీని కల్పించలేదు. ఫారంలో గడి ఖాళీగా వదలకూడదని ఎవరో నింపారు.

జ్ఞాపకం మీద ఒక అధ్యయనాన్ని ఇక్కడ చెప్పుకోకపోతే కుదరదు. 2002లో బ్రిటన్‌లో జేన్ హెర్లిహీ బృందం కొసొవో, బోస్నియా నుంచి వచ్చిన 39 మందిని రెండేసి సార్లు ఇంటర్వ్యూ చేసింది. వాళ్ళందరికీ అప్పటికే ఒక ప్రత్యేక కార్యక్రమం కింద బ్రిటన్‌లో ఉండే హక్కు వచ్చేసింది. అబద్ధం ఆడాల్సిన అవసరం ఎవరికీ లేదు. అయినా ఒకే సంఘటన గురించి రెండుసార్లు చెప్పినప్పుడు తేడాలు వచ్చాయి. ముఖ్యమైన వివరాల్లో కంటే పక్క వివరాల్లో ఎక్కువ తేడాలున్నాయి. మానసిక గాయం తీవ్రంగా ఉన్నవాళ్ళలో, రెండు ఇంటర్వ్యూల మధ్య ఎడం పెరిగేకొద్దీ తేడాలూ పెరిగాయి. అంటే ఎక్కువ బాధపడినవాళ్ళకే 'వైరుధ్యం' ముద్ర పడే ప్రమాదం ఎక్కువ. హైదరాబాద్ లాంటి చోట మొదటి నమోదుకూ అసలు ఇంటర్వ్యూకూ మధ్య నెలలు, ఏళ్ళు గడిచినప్పుడు ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆలస్యం చేసింది వ్యవస్థ, తేడాకు జవాబు చెప్పుకోవాల్సింది దరఖాస్తుదారు.

మరి ముఖం చూసి పట్టేయలేమా? పోలీసులు, జడ్జీలు, ఇంటర్వ్యూ అధికారులు చాలామంది పట్టగలమనే అనుకుంటారు. 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అంతకు ముందటి పరిశోధనలన్నిటినీ కలిపి లెక్కగట్టారు. దాదాపు 24 వేల మంది నిజాన్నీ అబద్ధాన్నీ వేరుచేయడానికి ప్రయత్నించిన లెక్కలవి. సగటున నూటికి 54 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. అనుభవం ఉన్న వృత్తి నిపుణులు మామూలు జనం కంటే మెరుగ్గా ఏం చేయలేదు. కళ్ళలోకి చూడలేదు, చెమట పట్టింది, నవ్వకూడని చోట నవ్వింది, ఏడవాల్సిన చోట ఏడవలేదు లాంటి వ్యాఖ్యలు నిర్ణయాల్లో కనిపిస్తే, అవి ఎదుటి మనిషి గురించి కంటే రాసిన మనిషి గురించే ఎక్కువ చెబుతాయి. పెద్దవాళ్ళ ఎదుట తల దించుకుని మాట్లాడడం మర్యాద అని నేర్పిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం, ఈ సంగతి మనకు వేరే చెప్పాలా?

హావభావాలను పక్కన పెట్టడం సులువే. 'ఇది జరిగే పనేనా?' అన్న ప్రశ్న అంత సులువుగా వదలదు. అది లోకజ్ఞానంలా వినిపిస్తుంది గనుక దాన్ని ఎవరూ అనుమానించరు. పెళ్ళి చేసుకోవాలంటే అధికారుల అనుమతి కావాలి, పక్క టౌన్‌షిప్‌కు వెళ్ళాలంటే కాగితం కావాలి, ఇద్దరు పిల్లలకు మించి కనకూడదు అని ఒక రోహింగ్యా చెబితే, ఇవేవీ తెలియని హైదరాబాదీకి అతిశయోక్తిలా అనిపిస్తుంది. ఇవన్నీ ఉత్తర రఖైన్‌లో అమలైనట్టు మానవ హక్కుల సంస్థలు, ఐరాస విచారణలు నమోదు చేసిన విషయాలే. తెలియని జీవితాన్ని మన జీవితంతో కొలిస్తే ప్రతిదీ అసంభవంగానే తోస్తుంది. "సైన్యం పట్టుకుంటే ఎలా వదిలేసింది?" అని అడుగుతారు. లంచం తీసుకుని వదిలేసింది అంటే నమ్మరు. లంచం ఇస్తే పని జరగడం అంత నమ్మలేని విషయమా?

అందుకే దేశ పరిస్థితుల సమాచారాన్ని పక్కన పెట్టుకుని ఇంటర్వ్యూ చేయాలంటారు. రోహింగ్యాల విషయంలో ఆ సమాచారం చాలానే ఉంది. 1978, 1991-92లో పెద్ద ఎత్తున బంగ్లాదేశ్‌కు పారిపోవడం, వాళ్ళను పౌరులుగా గుర్తించని 1982 పౌరసత్వ చట్టం, 2012 అల్లర్లు, 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం దాడులు, ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటడం. అయితే ఈ సమాచారాన్ని వాడడంలోనూ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, చిన్న పల్లెలో జరిగిన దాడి ఏ నివేదికలోనూ లేదు కాబట్టి జరగలేదనుకోవడం. నివేదికలు రాసేవాళ్ళు ప్రతి పల్లెకూ వెళ్ళలేదు. పైగా ఒకే ఊరికి రోహింగ్యాలు ఒక పేరు పెట్టుకుంటే బర్మా అధికారులు ఇంకో పేరు రాస్తారు. 2017 హత్యాకాండతో ప్రపంచానికి తెలిసిన తులా తొలి ఊరు సర్కారు రికార్డుల్లో మిన్ గ్యీ. దరఖాస్తుదారు చెప్పిన పేరు మ్యాపులో కనిపించలేదని ఫైలు పక్కన పెట్టేసే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

రెండోది, దాన్ని క్విజ్‌లా మార్చడం. మయన్మార్ జెండా ఎలా ఉంటుంది? రాజధాని ఏది? 2010 అక్టోబరులో ఆ దేశం జెండా మార్చింది. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు చారల మీద తెల్ల నక్షత్రం వచ్చింది. అంతకు ముందు ఎర్ర గుడ్డ మీద నీలం గడిలో పళ్ళచక్రం, వరి కంకి, చుట్టూ నక్షత్రాలు. 2009లో వచ్చేసిన మనిషి పాత జెండానే వర్ణిస్తాడు. రాజధాని 2005 చివర్లో యాంగోన్ నుంచి మారింది. బడి ముఖం చూడనివాళ్ళకు, పక్క ఊరికి వెళ్ళడానికే అనుమతి కావాల్సినవాళ్ళకు నేపిడా ఎక్కడుందో తెలియకపోవడంలో వింతేముంది? మరోవైపు, నాలుగు వీడియోలు చూసినవాళ్ళు ఈ జవాబులన్నీ బట్టీ కొట్టేయగలరు. అసలువాళ్ళు ఫెయిలై, నకిలీలు పాసయ్యే పరీక్ష ఇది. దానికంటే వరి కోతలప్పుడు ఏం చేసేవారు, పన్ను ఎవరు వసూలు చేసేవారు, ఇంటిని లెక్కించడానికి వచ్చినప్పుడు ఎవరెవరు నిలబడాలి అని అడిగితే బయటపడేది ఎక్కువ. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014 డిసెంబరులో ఇచ్చిన తీర్పు కూడా ఈ కోవలోనిదే. స్వలింగ సంపర్కులమని చెప్పుకునేవాళ్ళకు 'పరీక్షలు' పెట్టడం, పడకగది వివరాలు అడగడం కుదరదంది. ఆ వర్గాల గురించి మూస అభిప్రాయాల మీద మాత్రమే ఆధారపడి ప్రశ్నలు వేసి తేల్చకూడదనీ చెప్పింది.

భాషను బట్టి దేశాన్ని పట్టే పద్ధతి కూడా ఉంది. జర్మనీ 2017 నుంచి యాసను గుర్తించే సాఫ్ట్‌వేర్‌ను కూడా వాడుతోంది. రోహింగ్యా భాష, చిట్టగాంగ్ యాస చాలా దగ్గర. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో పుట్టిపెరిగిన రోహింగ్యాకు బంగ్లా బాగా వస్తుంది. బాలాపూర్‌లో పెరిగిన వాళ్ళ పిల్లలు దక్కనీ ఉర్దూలో 'నక్కో' అంటారు. రేపు ఈ పిల్లల మాట వినే యంత్రం ఏ దేశం పేరు చెబుతుందో.

కాగితాల సంగతి ఇంకో తిరకాసు. మయన్మార్ ప్రభుత్వం రోహింగ్యాలకు ఇచ్చిన తాత్కాలిక 'వైట్ కార్డు'లను 2015లో రద్దు చేసి వెనక్కి తీసుకుంది. కార్డు లేకపోవడమే వాళ్ళ కథకు సరిపోతుంది. కానీ ఇక్కడ ఇంకో రకం కార్డుల గొడవ వచ్చింది. ఇక్కడి రోహింగ్యాల్లో కొందరు తప్పుడు వివరాలతో ఆధార్, ఓటరు కార్డులు సంపాదించారన్న కేసులు హైదరాబాద్ పోలీసులు నమోదు చేస్తూనే ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ, పోలీసులు ఇచ్చిన నివేదిక ఆధారంగా, నగరంలో 127 మందికి నోటీసులు ఇచ్చిన వార్త పెద్ద చర్చే అయింది. అది వేరే వివాదం. మనకు కావాల్సిన ప్రశ్న ఇది: ఎక్కడో ఒక కౌంటర్‌లో 'నేను ఇక్కడే పుట్టాను' అని అబద్ధం చెప్పి కార్డు తీసుకున్న మనిషి, ఇంకో చోట 'మా ఊరు తగలబెట్టారు' అంటే నమ్మాలా?

ఈ వ్యాసం మొత్తానికి కీలకం ఈ ప్రశ్నే. అబద్ధం చెప్పడం నేరమైతే దానికి చట్టం ఉంది, శిక్ష ఉంది. కానీ ఆ అబద్ధం ఎందుకు చెప్పాడో చూడాలి. సిమ్ కార్డు, అద్దె ఇల్లు, పిల్లల బడి, ఆసుపత్రి, ప్రతిదానికీ కార్డు అడిగే నగరంలో ఏ కార్డూ లేని మనిషి చేసిన పని అది. అతని ఊరు తగలబడిందా లేదా అన్నదాని మీద అది ఏ వెలుగూ వేయదు. ఊరు తగలబడినవాడికి తప్పుడు కార్డు అవసరం ఇంకా ఎక్కువ అని వాదించవచ్చు కూడా. 1979 మార్గదర్శకాలు ఈ సంగతి సూటిగానే చెప్పాయి: అసత్యాలు చెప్పినంత మాత్రాన అదొక్కటే తిరస్కరణకు కారణం కాదు, పరిస్థితులన్నీ చూసి తూచాలి. 1951 ఒప్పందం 31వ అధికరణం, ప్రాణభయంతో నేరుగా వచ్చి అధికారుల ముందు హాజరై కారణం చెప్పుకునేవాళ్ళను అక్రమ ప్రవేశానికి శిక్షించకూడదంటుంది. కానీ దేశాలు దీని నుంచి దూరం జరుగుతున్నాయి. బ్రిటన్ 2004 చట్టం 8వ సెక్షన్‌లో కొన్ని పనులు చేస్తే వాటిని విశ్వసనీయతకు దెబ్బగా చూడాల్సిందేనని అధికారులకు ఆదేశమిచ్చింది. అమెరికా 2005లో తెచ్చిన చట్టం, అసలు విషయంతో సంబంధం లేని చిన్న తేడా ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చంది. అడ్రస్ నంబరు తప్పు చెప్పినా మొత్తం కథ మీద అనుమానం రాయొచ్చన్నమాట.

మనిషి మంచివాడా చెడ్డవాడా అని తేల్చడం ఇంటర్వ్యూ పని కాదు. ఈ విషయం, ఆ విషయం, మూడో విషయం అని విడదీసి, ప్రమాదానికి సంబంధించిన ప్రతి విషయాన్నీ విడిగా తూచాలి. ప్రయాణం గురించి అబద్ధం చెప్పి ఉండొచ్చు, ఏజెంటు పేరు బయటపెడితే ఊళ్ళో మిగిలిన తమ్ముణ్ణి చంపుతాడని. వయసు తగ్గించి ఉండొచ్చు. జాతి, ఊరు, దాడి నిజం కావొచ్చు. ఆ మూడూ నిలబడితే మిగతావి ఏమైనా ప్రమాదం ప్రమాదమే.

నకిలీ కథలు లేవని ఎవరూ అనరు. ఉన్నాయి. అమ్మేవాళ్ళూ ఉన్నారు. కన్సల్టెన్సీ చెప్పిన జవాబులు బట్టీపట్టి వీసా కౌంటర్ ముందు అప్పజెప్పే అలవాటు బాగా తెలిసిన నగరం మనది. ఆశ్రయం దారిలోనూ 'ఇలా చెబితేనే పాసవుతారు' అని డబ్బు తీసుకునే దళారులుంటారు. ఇందులో అన్యాయమైపోయేది అసలు బాధితులే. నిజంగా పీడనకు గురైనవాడు తన కథ 'సరిపోదేమో' అన్న టెన్షన్‌తో దళారి ఇచ్చిన కథ చెబుతాడు. పట్టుబడతాడు. తర్వాత అసలు కథ చెప్పినా వినేవాళ్ళుండరు. ఇంకో వైపు, ఒకే ఊరి నుంచి వచ్చిన నలభై మంది ఒకే కథ చెబితే అధికారికి అనుమానం వస్తుంది. ఒకే రోజు ఒకే ఊరి మీద దాడి జరిగితే నలభై మంది ఇంకే కథ చెబుతారు? మాటలు కూడా అచ్చు ఒకేలా ఉన్నాయా, లేక సంఘటన ఒకటై ఎవరికి వాళ్ళు నిలబడిన చోటు నుంచి కనిపించిందే చెబుతున్నారా అన్నది చూడాలి. ఆ తేడా పట్టాలంటే ఒక్కొక్కరికీ సమయం ఇవ్వాలి. సమయమే ఈ వ్యవస్థలో అన్నిటికంటే కరువు.

భార్యాభర్తల మాటల్ని పోల్చడం ఇంకో అలవాటు. ఆయన ఇద్దరన్నలు అంటాడు, ఆమె బావగార్లు నలుగురు అంటుంది. పెదనాన్న కొడుకుల్ని కూడా అన్నలనే పిలిచే మనకు ఆ లెక్క ఎక్కడ తేడా కొట్టిందో వెంటనే తెలుస్తుంది. యూఎన్‌హెచ్‌సీఆర్ ప్రధాన కార్యాలయమున్న జెనీవా పద్ధతిలో ఫారం నింపేవాళ్ళకు తెలియకపోవచ్చు.

దుబాసీ గురించి ఇంకా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో రోహింగ్యా భాష నుంచి అనువదించగలిగినవాళ్ళు చాలావరకు అదే సమాజంవాళ్ళే. అంటే వీధి తెలుసు, బంధువులు తెలుసు. అత్యాచారానికి గురైన స్త్రీ అలాంటి మగ దుబాసీ ముందు ఆ విషయం చెబుతుందా? చెప్పదు. ఇల్లు తగలబెట్టారు, పారిపోయాం అని ఆపేస్తుంది. ఏడాది తర్వాత ఒక ఆడ కౌన్సెలర్‌తో చెబుతుంది. 'ముందే ఎందుకు చెప్పలేదు' అన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. బ్రిటన్‌లో 2007లో వెలువడిన ఒక అధ్యయనం, లైంగిక హింసకు గురైనవాళ్ళకు అధికారుల ముందు నోరు విప్పడం మిగతావాళ్ళకంటే చాలా కష్టమనీ, సిగ్గు, మానసిక గాయం అందుకు కారణమనీ తేల్చింది. ఇంటర్వ్యూ అధికారీ దుబాసీ ఆడవాళ్ళే కావాలని అడిగే వీలు యూఎన్‌హెచ్‌సీఆర్ నియమాల్లో ఉంది. ఆ వీలు ఉందని ఎవరో చెప్పాలి, అడిగే ధైర్యం ఆమెకు ఉండాలి. ఉర్దూ బాగానే వస్తుంది కదా అని ఉర్దూలో ఇంటర్వ్యూ ముగించేయడం ఇంకో ప్రమాదం. బజారులో కూరగాయలు బేరమాడే ఉర్దూతో కొడుకు చావును చెప్పలేరు.

అఫ్గాన్ విద్యార్థుల పరిస్థితి వేరు. స్కాలర్‌షిప్‌ల మీద హైదరాబాద్ విశ్వవిద్యాలయాలకు వచ్చిన అఫ్గాన్ యువతకు 2021 ఆగస్టు 15 దాకా తిరుగు ప్రయాణం మామూలు విషయం. ఆ రోజు కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్ళింది. మీడియాలో పనిచేసిన అమ్మాయికి, విదేశీ సైన్యాలతో పనిచేసినవాళ్ళ కొడుక్కి ఆ తర్వాత వెళ్ళడం వేరే సంగతి. "భయం ఉంటే చదువుకోవడానికని ఎందుకొచ్చావు, వీసా ఫారంలో తిరిగి వెళ్తానని ఎందుకు రాశావు?" అని అడిగితే, అది వైరుధ్యం కాదు. రాసినప్పుడు నిజమే రాశారు. దేశం వదిలాక పరిస్థితి మారి శరణార్థి కావడాన్ని అంతర్జాతీయ చట్టం ఎప్పుడో గుర్తించింది. అలాంటివాళ్ళ విషయంలో గతంలో ఏం జరిగిందన్న దానికంటే ఇప్పుడు వెళ్తే ఏం జరుగుతుందన్నదే ముఖ్యం. వాళ్ళు 'నాకేం జరగలేదు' అని నిజాయితీగా చెప్పడం వాళ్ళ కేసును బలహీనం చేయకూడదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పుకున్నా, చివరికి తూచేది మనుషులే. 2007లో ముగ్గురు అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యులు అక్కడి ఇమ్మిగ్రేషన్ కోర్టుల తీర్పులను లెక్కగట్టి చూశారు. మయామీ కోర్టులో కొలంబియా దేశస్తులకు ఒక జడ్జి దగ్గర ఆశ్రయం దొరికే అవకాశం 5 శాతం, అదే భవనంలో ఇంకో జడ్జి దగ్గర 88 శాతం. దేశం ఒకటే, చట్టం ఒకటే. తలుపు మారింది. రోజూ హింస కథలే వినేవాళ్ళు మొద్దుబారిపోవడం కూడా నిజమే. వందో కథ మొదటి కథలా వినిపించదు. ఇది ఎవరి తప్పూ అనలేం, కానీ పై అధికారి సమీక్ష, రెండో అభిప్రాయం, పని విరామం లేని చోట దాని ఫలితం దరఖాస్తుదారుడి మీద పడుతుంది.

భారత్‌లో ఆ రెండో చూపు ఇంకా ఇరుకు. యూఎన్‌హెచ్‌సీఆర్ తిరస్కరిస్తే సంస్థ లోపలే, మొదట నిర్ణయించిన అధికారి కాకుండా వేరే అధికారి దగ్గర అప్పీల్ ఉంటుంది. గుర్తింపు కార్డు వచ్చినా దానికి మన చట్టంలో ఖచ్చితమైన బలం లేదు. 1946 విదేశీయుల చట్టం 9వ సెక్షన్, విదేశీయుణ్ణి కానని రుజువు చేసుకునే భారాన్ని ఆ మనిషి మీదే పెట్టింది. 2025లో వచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం ఆ పాత చట్టాన్ని రద్దు చేసింది గానీ శరణార్థికి ప్రత్యేక నిర్వచనమేదీ తేలేదు. ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి వచ్చి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు, జీవించే హక్కు పౌరులు కానివాళ్ళకూ ఉందని చెప్పింది. 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల కేసులో మాత్రం పంపేయడాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు, చట్టప్రకారం పద్ధతి పాటించి మాత్రమే పంపాలంది. ఇలాంటి పరిస్థితిలో ఒక మనిషి చెప్పిన మాటకు సంబంధించి ఎక్కడైనా జాగ్రత్తగా రాసిపెట్టిన రికార్డు ఉందంటే అది ఆ ఇంటర్వ్యూ గదిలోదే.

కాబట్టి ఆ రికార్డు ఎలా తయారవుతుందన్నది చిన్న విషయం కాదు. రాసుకున్నదాన్ని ఆ మనిషి భాషలో తిరిగి చదివి వినిపించాలి, తప్పులుంటే దిద్దనివ్వాలి, దిద్దినట్టు రాయాలి. తేడా కనిపిస్తే దాన్ని నిర్ణయంలో మొదటిసారి బయటపెట్టకుండా, ఎదురుగా ఉన్నప్పుడే "మొన్న ఇలా అన్నారు, ఇవాళ ఇలా అంటున్నారు, ఎందుకని?" అని అడగాలి. జవాబు నచ్చకపోయినా నమోదు చేయాలి. తిరస్కరణ రాసేటప్పుడు 'మీ కథనం నమ్మశక్యంగా లేదు' అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే ఏ లాయరూ దాని మీద అప్పీల్ రాయలేరు. ఏ విషయాన్ని ఒప్పుకున్నారు, ఏ విషయాన్ని ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడానికి కారణమేమిటి, దానికి ఆ మనిషి ఇచ్చిన వివరణ ఎందుకు చాలలేదు అన్నవి విడివిడిగా ఉంటేనే రెండో అధికారికి చూడడానికి ఏదైనా మిగులుతుంది.